ఎర్రకుంట మలుపు

లింగంపేట వాగు పొంగి, నడుమ చిక్కుకున్న బస్సు కప్పు మీద జనం తెల్లవార్లూ కూర్చున్న ఏడాది అది. ఆ దిక్కు వాళ్లకు ఇప్పటికీ ఏళ్ల లెక్క ఆ వరదతోనే. వరదకు ముందు పుట్టినవాడు, వరద తర్వాత ఇల్లు కట్టినవాడు అంటారు. ఆ వరద తీసి, కొట్టుకుపోయిన రోడ్డుకు మొరం పోసి, వరికోతలు కూడా అయినాక, చలి మొదలైన ఒక ఆదివారం నాటి సంగతి ఇది.

అప్పట్లో కామారెడ్డిలో మోటారు సైకిలు ఉన్నవాడంటే నలుగురూ తలతిప్పి చూసేవారు. తనతో కలిపి అట్లాంటి తొమ్మిది మందిని పోగుచేసి క్లబ్బు అని పేరు పెట్టింది బియ్యం మిల్లు రాజేశం. ఆయనది బుల్లెట్టు. క్లబ్బు అంటే పెద్ద పనేమీ లేదు. నెలకొక ఆదివారం అందరూ కలిసి ఏదో ఒక దిక్కు పోవడం, ఏ కట్ట కిందనో కోడి వండుకుని తినడం, పొద్దు గూకకముందే ఇల్లు చేరడం. మనిషి తప్పిపోకుండా రాజేశం ఒక పద్ధతి పెట్టాడు. ముందు ఆయన బండి. రోడ్డు చీలిన ప్రతిచోటా ఆయన వెనుక ఉన్నవాడు ఆగి, వచ్చేవాళ్లకు బాట చూపించాలి. చివరి బండికి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. ఆ బండి వచ్చినాక గుడ్డ విప్పి తన బండికి కట్టుకుని, ఇక తనే అందరికంటే వెనుక రావాలి.

సలీమ్‌ది రాజ్‌దూత్. బెల్లం మండీలో తండ్రి ఖాదర్ సాబ్ పెట్టిన దుకాణం తండ్రి పోయినాక తనే నడుపుతున్నాడు. మండీలో సలీమ్‌కు ఒక పేరుంది. బండి మీద వచ్చిన బెల్లం ముద్దల్లో పైదాన్ని ఎన్నడూ ముట్టడు. అడుగున చెయ్యి పెట్టి ఒకటి లాగి, పగలగొట్టి, వెలుతురుకు పెట్టి చూసి, నాలుక మీద వేసుకుని గాని మాట్లాడడు. రైతులు నవ్వేవారు. నవ్వినా దుకాణానికి వచ్చేవారు.

అంతటి మనిషికి ఇప్పుడు చెల్లెలు వాజిదా సంబంధం వచ్చిపడింది. పిల్లవాడు జహూర్. ఎల్లారెడ్డిలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉంది, యెజ్డీ బండి ఉంది. ఏడాదిగా క్లబ్బులో తిరుగుతున్నాడు. రాజేశం మెచ్చుకున్నాడు. మసీదులో పెద్దలు మెచ్చుకున్నారు. తల్లి జన్నత్ బీకి నచ్చాడు. ఒకసారి వాళ్లింటికి వచ్చినప్పుడు తెర వెనుక నుంచి అతని నవ్వు విని వాజిదా కూడా కాదనలేదు. వచ్చే శుక్రవారం సలీమ్ మాట ఇవ్వాలి. ఇచ్చాడంటే అయిపోయినట్టే.

అందరూ ఇంత మెచ్చుకోవడమే సలీమ్‌కు మింగుడు పడలేదు. ఇంత మంచివాడు ముప్పై ఏళ్ల దాకా పెళ్లి లేకుండా ఎందుకు మిగిలాడు? మేనత్త బిడ్డ బిల్కిస్‌ను ఇట్లాగే నలుగురు మెచ్చిన వాడికి ఇచ్చారు. ఆర్నెల్లకు తెలిసింది, బిచ్కుంద అవతల వాడికి ఇంకొక పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఉన్నారని. అడిగితే మొదట ఆమెను వరుసకు చెల్లెలన్నాడు. బిల్కిస్ పుట్టింటికి వచ్చి ఇప్పటికీ బీడీలు చుట్టుకుంటోంది.

జహూర్ మీద సలీమ్‌కు రెండు అనుమానాలు. ఎల్లారెడ్డి రోడ్డున పోయిన రెండుసార్లూ జహూర్ వెనుకబడి, అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు కోడికూర ముందు కూర్చుని రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. అంతదూరం బండి నడిపినవాడికి ఆకలి లేదంటే ఎక్కడో తినే ఉండాలి. అది మొదటిది. మొన్న లింగంపేట దిక్కు నుంచి బెల్లం తెచ్చిన ముత్తయ్య మాటల్లో మాటగా, "ఆ యెజ్డీ సాబా? ఆయనకు మా ఎర్రకుంటల ఇల్లున్నది గదా, వచ్చి పోతుంటడు" అన్నాడు. అది రెండోది. ఎర్రకుంటలో ఒక్క తురక ఇల్లు కూడా లేదు.

ఆ మాట సలీమ్ ఎవరికీ చెప్పలేదు. అన్న ముఖం చూసి వాజిదానే ఎత్తిపొడిచింది. "ఇంకెన్ని రోజులు పగలగొట్టి చూస్తవు భాయ్? మనిషి బెల్లం ముద్ద కాదు."

"బెల్లం ముద్దయితే వాపసు ఇయ్యొచ్చు" అన్నాడు సలీమ్.

ఆ ఆదివారం పొద్దున మిల్లు ముందర బండ్లన్నీ చేరాయి. జహూర్ ఎల్లారెడ్డి నుంచి చీకటితోనే బయలుదేరి వచ్చాడు. బీడీ ఆకు కాంట్రాక్టు చేసే బాలమల్లు నోరు ఊరుకోదు.

"ఏంది జహూర్ మియా, పోయేది మళ్ల మీ ఎల్లారెడ్డి మీదికెల్లే. ఆడ్నే నిలబడితే మేమే వస్తుంటిమి గద. గింత చలిల ఇంత దూరం ఎందుకొచ్చినవు? అత్తగారిల్లు ఒకసారి చూసి పోదామనా?"

జహూర్ నవ్వాడు. "క్లబ్బు అంటే మొదలుకెల్లి రావాలె గదన్నా."

"మొదలుకెల్లి వస్తవు, నడుమ మాయమైతవు."

నవ్వులాటకు అన్న మాటే. కానీ జహూర్ చెయ్యి బండి పక్క డబ్బా మీదికి పోయి, మూత గట్టిగా ఉందా లేదా అని ఒత్తి చూసింది. సలీమ్ అది చూశాడు. చలికి చేతులు రుద్దుకుంటున్నట్టుగా చుట్టూ తిరిగి ఆ బండి పక్కకు వచ్చాడు. మూత సందులోంచి చీర అంచు వేలెడంత బయటికి వచ్చి ఉంది. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. దాని పక్కన గిలక్కాయ పిడి.

చీర సరే. గిలక్కాయ ఎవరికి?

"ఎర్రగుడ్డ ఇయ్యాల నా బండికి కట్టండి" అన్నాడు సలీమ్.

రాజేశం వింతగా చూశాడు. "నువ్వు ఎప్పుడు నడుమ ఉండెటోనివి, ఇయ్యాల దుమ్ము తినబుద్ధైందా?"

"నా బండి ప్లగ్గు సక్కగ లేదన్నా. ఆగితే ఎవలకూ అడ్డం రాను."

తొమ్మిది బండ్లు తాడ్వాయి రోడ్డు పట్టాయి. రోడ్డు పక్క కోసిన మళ్లలో వరి మోళ్ల మీద మంచు ఇంకా ఆరలేదు. కల్లాల దగ్గర జనం చేతులడ్డం పెట్టుకుని చూశారు. పిల్లలు లెక్కపెడుతూ వెంట ఉరికారు. వేరే దినమైతే సలీమ్‌కు ఇదంతా పండుగలా ఉండేది. ఆ దినం అతని చూపు ముందున్న యెజ్డీ వెనుక చక్రం మీదే ఉంది. తాడ్వాయి దాటేదాకా జహూర్ ఐదో వాడు. లింగంపేట వచ్చేసరికి ఒకరిని దాటి నాలుగో వాడయ్యాడు. వాగు మీద కొత్తగా పోసిన మొరంలో అందరూ నెమ్మదించినప్పుడు ఇద్దరిని పక్కకు తప్పించి బుల్లెట్టు వెనుకకు పోయి చేరాడు. వరుస తప్పినందుకు బాలమల్లు వెనుక నుంచి హారను కొట్టి తిట్టాడు.

సలీమ్‌కు అర్థమైంది. వచ్చేది ఎర్రకుంట మలుపు, ఆ రోడ్డున బాట చూపించాల్సిన మొదటి చీలిక.

మలుపు దగ్గర జహూర్ బండి దిగి, ఎల్లారెడ్డి దిక్కు చెయ్యి చూపిస్తూ నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క బండీ అతన్ని దాటి పోయింది. చివరికి సలీమ్ వచ్చి ఆగాడు. జహూర్ ఎర్రగుడ్డ విప్పుకున్నాడు.

"ప్లగ్గు సతాయిస్తున్నదా భాయ్?"

"ఇప్పుడైతే లేదు. నువ్వు వస్తున్నవు గదా ఎనుక?"

"ఇగో, గుడ్డ కట్టుకొని వస్త. మీరు నడువుండ్రి."

సలీమ్ నడిచాడు. గుట్ట వంపు తిరగ్గానే మోదుగ పొదల వెనుక బండి ఆపి, ఇంజను బందు చేసి, చెవి పెట్టి విన్నాడు. యెజ్డీ కిక్కు కొట్టిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు దగ్గరికి రాలేదు. పక్కకు పోయి, పల్చబడి, చేన్లలో కలిసిపోయింది.

ఇక శుక్రవారం మాట ఇచ్చేది లేదనుకున్నాడు. బండి మళ్లించాడు.

ఎర్రకుంట బాటలో చక్రం గుర్తు తాజాగా ఉంది. ఊరి మొదట్లో నలుగురు ఆడవాళ్లు ఎండకు కూర్చుని చాటల్లో బీడీలు చుడుతున్నారు.

"యెజ్డీ సాబ్ ఎటు పోయిండు?" అన్నాడు సలీమ్.

"ఎటు పోతడు, మంగవ్వ ఇంటికే. నువ్వు సుత ఆ ఇంటి సుట్టానివేనా?" అంది ఒకామె. మిగతావాళ్లు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు సలీమ్ వీపు మీద ముల్లులాగా మంగవ్వ ఇంటి దాకా వచ్చింది.

పెంకుటిల్లు. వాకిట్లో చిక్కుడు పందిరి, దాని కింద యెజ్డీ. ట్యాంకు మీద ఏడాదిన్నర పిల్లవాడు కూర్చుని గిలక్కాయ ఆడిస్తున్నాడు. వాజిదా ఈడు ఆడమనిషి ఆకుపచ్చ చీర భుజం మీద వేసుకుని అంచు చూసుకుంటోంది. జహూర్ చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, బనీను మీద అరుగు మీద కూర్చుని, కాళ్లు కడుక్కుంటున్నాడు. పరాయి ఇంటికి వచ్చినవాడు చొక్కా విప్పడు. అట్లా కూర్చోడు.

"సలాలేకుం జహూర్ మియా. ఇల్లు మంచిగున్నది" అన్నాడు సలీమ్.

జహూర్ చెంబు వదిలి లేచాడు. "సలీమ్ భాయ్! బండి ఖరాబైందా?"

"బండి మంచిగనే ఉన్నది. ఖరాబైంది ఏందో చూద్దామని వచ్చిన."

ఆ పిల్ల చీర చటుక్కున తీసి చేతిలో పట్టుకుంది. "ఎవలన్నా ఈన?" అని జహూర్‌ను అడిగింది.

అన్నా అంది. సలీమ్ ఆ మాటను నమ్మలేదు. బిల్కిస్ మొగుడు కూడా చెల్లెలనే చెప్పాడు.

ఇంతలో వెనుక పొయ్యి దగ్గర నుంచి చేతులకు జొన్నపిండితో ఒక ముసలామె వచ్చింది. గట్టి మనిషి. "ఎవల్రా కొడుకా వచ్చింది? నిలబెట్టి మాట్లాడుతున్నవేంది, పీట వెయ్యి" అంది.

జహూర్ పీట వేశాడు. సలీమ్ కూర్చోలేదు. జహూర్ అతని ముఖం చూశాడు, చీర చూశాడు, బండి మీది పిల్లవాడిని చూశాడు. అప్పుడు సంగతి పట్టుకున్నాడు. కోపం వచ్చి ముఖం ఎర్రబడింది, మళ్లీ తగ్గింది.

"నన్ను కన్నామె కన్ననాడే పోయింది భాయ్. నన్ను ఈ ఇంటికి తెచ్చుకొని, పాలిచ్చి బతికించింది ఈ మంగవ్వ. ఈమె కొడుకు మైసన్న, నేను ఒక్క రొమ్ము తాగినోళ్లం. ఈ పిల్ల గంగమణి, ఆయన చెల్లె. పిల్లగాడు దీని కొడుకు. ఇంట్ల మా సవతి తల్లికి నేను ఇంకొకామెను అవ్వా అంటే ఎక్కదు. గందుకే ఇంట్ల చెప్పకుండ, క్లబ్బు పేరు మీద వస్త. నువ్వు అడిగితే చెప్తుంటి గద. అడగకపోతివి, ఎనుక పడితివి."

సలీమ్ చెప్పులు విప్పాడు. పీట మీద కూర్చున్నాడు. సిగ్గు పడాల్సిన మనిషే, పడ్డాడు కూడా. కానీ దాని అడుగున నీళ్లూరినట్టు సంతోషం ఊరింది. వాజిదాకు మంచివాడు దొరికాడు. తను పగలగొట్టి చూశాడు, లోపల కూడా శుద్ధంగానే ఉంది.

"మాఫ్ చెయ్ జహూర్" అన్నాడు. "బిల్కిస్ సంగతి నీకెరుకే గదా."

"ఎరుకే. పోనీ తీయ్. చెల్లె కోసం తిరిగినవు, దొంగతనానికి తిరగలే."

గడప అవతల నుంచి ఎవరో పిలిచారు. "ఓ జహూరన్నా, నువ్వొచ్చినవని విన్న. మా మోటరు గుర్రుమంటున్నది, నీళ్లు పోస్తలేదు. ఒక్కపారి చూసిపో."

జహూర్ చొక్కా వేసుకున్నాడు. "తిను భాయ్. అవ్వ రొట్టె తినకుండ పోతే ఊకోదు. ఇట్ల పోయి అట్ల వస్త." పిల్లవాడిని చంకనెత్తుకుని పోయాడు.

మంగవ్వ వేడి రొట్టె మీద చింతకాయ తొక్కు, నూనె వేసి పెట్టింది. సలీమ్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదన్నది అప్పుడు గుర్తొచ్చింది. ఆకలిగా తిన్నాడు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, తినేవాడిని చూస్తూ, అందరు ముసలివాళ్లూ అడిగేదే అడిగింది.

"ఏ ఊరు బిడ్డా? ఎవల కొడుకువు?"

"కామారెడ్డి అవ్వా. బెల్లం మండీ ఖాదర్ సాబ్ కొడుకును."

మంగవ్వ చేతి పిండి దులుపుకోవడం ఆపింది. "ఖాదర్ సాబ్... అంటే మా లింగంపేట లతీఫ్ సాబ్ అల్లుడా? నువ్వు జన్నత్ బీ కొడుకువా?"

"మా అమ్మీ నీకెట్ల ఎరుక?"

"గిదేం మాటరా! నీ తాత పొలంల నాట్లేసినదాన్ని. మీ అవ్వ పురుటికి వచ్చి, పిల్లను కని, జెరంతోని మంచం పట్టలే? రొమ్ముల చుక్క లేదు. ఆ పిల్ల ఏడుస్తుంటే గట్టు మీది దాకా ఇనబడేది. నాకు అప్పుడు ఈ గంగమణి చంటిది. పోయి తీసుకున్న. చెరొక దిక్కు పెట్టుకున్న ఇద్దరిని. నీ చెల్లెకు గుంజుడు ఎక్కువ, దీనికి మిగలనిచ్చేది కాదు." ఆమె నవ్వింది. "ఏం పేరు పెట్టిండ్రు... వాజిద. వాజిద మంచిగున్నదా?"

సలీమ్ నోట్లో రొట్టె ముక్క ఉంది. అది లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. వాజిదా పుట్టినప్పుడు అతను కామారెడ్డిలో తండ్రి దగ్గర ఉన్నాడు, చిన్నవాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తే పనీ పడలేదు.

గంగమణి పక్క నుంచి అంది. "అవ్వా, అన్నకు చూసింది కామారెడ్డి పిల్లనే అన్నడు గద. బెల్లం మండోళ్లట."

మంగవ్వ ఒక్క క్షణం ఆలోచించి రెండు చేతులూ చరిచింది. "అయ్యో నా తల్లీ! నీ చెల్లెనేనారా? మా జహూర్‌కు వాజిదనా! నా పాలు తాగినోళ్లు ఇద్దరు ఒక్కింట్ల ఉంటరా? నేనింక ఏం కోరుకోవాలె!" ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె లెక్కలో ఇంతకు మించిన శుభం లేదు.

సలీమ్ లెక్క వేరు. తమ మతం ప్రకారం ఒక్క రొమ్ము పాలు తాగినవాళ్లు తోబుట్టువులు. కన్న తల్లి ఒకరు కాకపోయినా, ఈడు వేరైనా, పాలిచ్చినామె ఏ కులందైనా అంతే. వాళ్లకు పెళ్లి కుదరదు. ఇది మౌల్వీ దగ్గరికి పోయి అడగాల్సిన సంగతి కాదు, బొడ్డు ఊడని పిల్లవాడికి కూడా తెలుసు.

"ఎన్ని రోజులిచ్చినవు అవ్వా?" అన్నాడు. ఒకటి రెండుసార్లే అయితే లెక్కలోకి రాదేమోనని ఒక ఆశ.

"రోజులు లెక్కపెట్టుకొని ఇస్తరా పాలు? నాట్లప్పుడు పట్టిన, కలుపు తీసేదాక ఇచ్చిన. ఏందిరా, రొట్టె ఆపినవు? తొక్కు కారమైందా?"

"కారమైంది" అన్నాడు సలీమ్.

జహూర్ వచ్చేదాకా అతను ఆ పీట మీదే ఉన్నాడు. వచ్చినాక ఇద్దరూ బండ్లు తీశారు. మంగవ్వ జహూర్‌తో ఏమన్నా అంటుందేమోనని సలీమ్ ముందే కిక్కు కొట్టి ఇంజను పెద్దగా అరిపించాడు. ఆమె మాట ఆ చప్పుడులో పోయింది.

రోడ్డెక్కినాక కొత్త అనుమానం పుట్టింది. జహూర్‌కు తెలుసా? తెలిసే దాచి పెళ్లికి దిగుతున్నాడా? ఈ ముసలామె నోరు మూసుకునే మనిషి కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా వాజిదా పేరు చెప్పి ఉండదా? ఎల్లారెడ్డి బజారు దాటి, నిజాంసాగర్ దిక్కు తిరిగేదాకా సలీమ్ యెజ్డీ పక్కపక్కనే నడుపుతూ అతని ముఖం చూస్తూనే ఉన్నాడు. జహూర్ ఏదో పాట ఈల వేస్తున్నాడు.

కట్ట కింద అప్పటికే కోడి ఉడుకుతోంది. బాలమల్లు గరిటె పట్టుకుని ఎదురొచ్చాడు.

"రాండ్రి రాండ్రి. బావ బామ్మర్దులు కలిసి మాయమైండ్రు! ఇంతకుముందు ఒక్కడే తప్పిపోయేటోడు, ఇప్పుడు జోడైండ్రు. రాజేశన్నా, ఎర్రగుడ్డ లాభం లేదు, వీళ్లకు పలుపుతాడు కట్టాలె."

అందరూ నవ్వారు. సలీమ్ నవ్వలేదు. విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు. రాజేశం అతన్నే చూస్తున్నాడు. "ఏడ తిన్నవు?" అన్నాడు.

చెయ్యి కడుక్కునే నెపంతో సలీమ్ జహూర్‌ను నీళ్ల అంచుకు తీసుకుపోయాడు.

"మీ అవ్వ నీకు, మైసన్నకు కాక ఇంకెవలకన్న పాలిచ్చిందా?"

"ఇచ్చే ఉంటది. ఆమె అసువంటిది. పిల్ల ఏడ్సినట్టు ఇనబడితే ఎవలదని అడగదు." జహూర్ ఒక చిల్లపెంకు తీసి నీళ్ల మీద విసిరాడు. "ఎందుకడిగినవు?"

ముఖంలో ఏమీ లేదు. సలీమ్ ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అతనికి తెలియదు.

"భాయ్, నేను మీ ఇంటికెల్లి ఏం అడుగుతలేను" అన్నాడు జహూర్. "ఒక్కటే. షాదీల మా అవ్వను ముందు వరుసల కూసోబెట్టాలె. మా ఇంటోళ్లు వద్దంటరు. నువ్వు ఊ అంటే నేను వాళ్లను చూసుకుంట."

సలీమ్ నీళ్ల దిక్కు చూశాడు. దారి అతనే చూపిస్తున్నాడు. వద్దు అంటే చాలు. మంగవ్వ రాదు. తల్లికి మంగవ్వ ఎరుక, కానీ జహూర్ ఆమె పాలు తాగాడని ఎరుక లేదు. జహూర్‌కు వాజిదా సంగతి ఎరుక లేదు. రెండు కొసలూ పట్టుకున్నది ఎర్రకుంటలో ఆ తల్లీబిడ్డలు, ఇక్కడ తను. వాళ్లకు అందులో తప్పు ఉన్నదని కూడా తెలియదు. పెళ్లయి, పిల్లలు పుడితే ఎవరు తవ్వుతారు?

ఎవరు తవ్వుతారు! తనలాంటివాడు ఇంకొకడు ఎక్కడో ఉండకపోతాడా?

"చూద్దాం" అన్నాడు.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. జన్నత్ బీ నమాజు ముగించి చాప చుడుతోంది. వాజిదా వంటింట్లో బియ్యం ఏరుతోంది.

"అమ్మీ, వాజిదా పుట్టినప్పుడు నీకు జెరమొచ్చిందట. పాలెవరిచ్చిండ్రు?"

"మంగవ్వ అని, మీ తాత పొలంల నాట్లకు వచ్చేది. పుణ్యాత్మురాలు. ఇప్పుడెందుకు యాదికొచ్చింది?"

"ఇయ్యాల ఆమె చేతి రొట్టె తిన్న. జహూర్‌ను పెంచింది సుత ఆమెనే. ఆమె పాలతోనే."

జన్నత్ బీ చేతిలో చాప మళ్లీ విచ్చుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "అన్ని రోజులేం కాదు. పది పదిహేను రోజులిచ్చిందేమో."

"నాట్లకెల్లి కలుపు దాక ఇచ్చిందట."

"వాళ్లకేం యాదుంటది బేటా, ముసలోళ్లు. నాకు తెలివి లేకుండె, నేను చూసిన్నా? మేకపాలు సుత పట్టిండ్రు." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకెవలకు ఎరుక?"

సలీమ్ తల్లి ముఖం చూశాడు. కట్ట కింద నీళ్ల దగ్గర తను అనుకున్నదే ఆమె నోట్లోంచి వస్తోంది. తను లోపల అనుకున్నప్పుడు అది తెలివిలాగా ఉంది. తల్లి నోట వింటే బిల్కిస్ మొగుడు మాట్లాడినట్టుంది.

వంటింట్లో చాట చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. వాజిదా గడపలో నిలబడి ఉంది.

"నాకు ఎరుకైంది గదా అమ్మీ" అంది. "ఇంక ఎవలకు ఎరుకైతే ఏంది?"

జన్నత్ బీ చాప మీదే కూలబడింది. వాజిదా ఏడవలేదు. అన్న దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది. "ఆయన తప్పేమన్న దొరికిందా నీకు?"

"లేదు" అన్నాడు సలీమ్. "ఏం దొరకలే. మంచోడు."

అప్పుడు ఏడ్చింది.

మరునాడు పొద్దున సలీమ్ మండీకి పోలేదు. రాజ్‌దూత్‌కు పట్టిన ఎర్రకుంట దుమ్ము తడిగుడ్డతో తుడిచాడు. వాజిదాను బురఖా వేసుకొమ్మని, వెనుక కూర్చోబెట్టుకున్నాడు. తాడ్వాయి దాటారు, లింగంపేట దాటారు.

ఎల్లారెడ్డిలో జహూర్ అప్పుడే దుకాణం తలుపులు తీసి, మోటారు ముందర వేసుకుని తీగ చుట్టడానికి కూర్చున్నాడు. సలీమ్‌ను చూసి లేచాడు. వెనుక ఆడమనిషిని చూసి, ఎవరో అర్థమై, మర్యాదగా గోడ దిక్కు ముఖం తిప్పుకున్నాడు. పెళ్లికి ముందు చూడకూడదు.

"ఇటు తిరుగు జహూర్" అన్నాడు సలీమ్. "పరదా అవసరం లేదు. ఈమె మంగవ్వ పాలు తాగింది. గంగమణితో పాటే."

జహూర్ తిరగలేదు. చేతిలో రాగితీగ ఉండ అట్లాగే ఉంది. సలీమ్ లోపలికి పోయి, భుజం పట్టుకుని, తనే అతన్ని తిప్పాడు. వాజిదా నఖాబు పైకి తీసింది.

సలీమ్ బయటికి వచ్చాడు. వాళ్లు ఏం మాట్లాడుకుంటారో వినబడనంత దూరం నడిచిపోయి, బస్‌స్టాండు పక్క హోటల్లో బల్ల మీద కూర్చుని చాయ్ చెప్పాడు.